రాని ముక్క కోసం ఎంతసేపు ఆగాలి?

(ఇంటిగ్రేషన్ పనిలో కొత్తగా చేరిన డెవలపర్ల కోసం తెలుగులో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ముందు మిమ్మల్ని పాత ఫోన్ల కాలానికి తీసుకెళ్తాను. అప్పట్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి ఎస్సెమ్మెస్ పంపితే ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పట్టేవి. అదే మాట తెలుగు లిపిలో రాస్తే 70కే నిండిపోయేది. ఎస్సెమ్మెస్‌లో ఉండే చోటు 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు, తెలుగుకి 16 బిట్లు కావాలి. పైగా మన గుణింతం గుర్తులు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. 'తెలుగు' అన్న మాటలో మనకి కనబడేవి మూడు అక్షరాలు. ఫోన్ మాత్రం ఆరు లెక్కపెడుతుంది: త, దాని ఎత్వం, ల, దాని కొమ్ము, గ, దాని కొమ్ము. అందుకే అమ్మకి తెలుగులో నాలుగు వాక్యాలు పంపితే అది రెండు మూడు మెసేజ్‌లుగా విడిపోయేది. కొన్ని ఫోన్లలో రెండో ముక్క ముందు వచ్చి, మొదటిది తర్వాత వచ్చేది. ఒక్కోసారి ఒక ముక్క అసలు వచ్చేదే కాదు.

ఆ విడగొట్టడంలో ఒక చక్కని ఏర్పాటు ఉంది. పెద్ద మెసేజ్‌ని ముక్కలు చేసేటప్పుడు ఒక్కో ముక్క ముందు 6 బైట్ల చిన్న చీటీ అంటిస్తారు. అందుకే ముక్కకి 70 బదులు 67 తెలుగు అక్షరాలే మిగులుతాయి. ఆ చీటీలో ముఖ్యంగా మూడు సంగతులుంటాయి. ఈ ముక్క ఏ మెసేజ్‌కి చెందింది? మొత్తం ముక్కలెన్ని? ఇది ఎన్నో ముక్క? ఈ మూడూ తెలిస్తే అవతలి ఫోన్ ముక్కలు ఏ వరుసలో వచ్చినా సరిగ్గా కూర్చగలదు. ఒకటి రాలేదని కూడా దానికి తెలుస్తుంది.

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ చీటీ గురించే. మనం రోజూ రాసే ఇంటిగ్రేషన్ రూట్లలో, అంటే ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి మెసేజ్ నడిచే దారుల్లో, మెసేజ్‌ని విడగొట్టేవాళ్ళం బోలెడుమందిమి. చీటీ అంటించేవాళ్ళు తక్కువ. రాని ముక్క సంగతి ముందే ఆలోచించేవాళ్ళు ఇంకా తక్కువ.

పేర్లు ఒకసారి చెప్పుకుందాం. 2003లో గ్రెగర్ హోప్, బాబీ వుల్ఫ్ కలిసి ఇంటిగ్రేషన్ పనిలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే 65 ప్యాటర్న్‌లకు పేర్లు పెట్టి ఒక పుస్తకం తెచ్చారు. స్ప్లిటర్ (విడగొట్టేది), అగ్రిగేటర్ (కూర్చేది) అన్న పేర్లు మనకి అక్కడి నుంచే వచ్చాయి. ఆ ప్యాటర్న్‌లని జావాలో నేరుగా రాసుకునేలా 2007లో అపాచీ క్యామెల్ మొదలైంది. నా ఉదాహరణలన్నీ క్యామెల్‌లోనే చెప్తాను, నా చేతికి అలవాటైనది అదే. మీరు స్ప్రింగ్ ఇంటిగ్రేషన్ వాడినా, మ్యూల్ వాడినా చిక్కులు మాత్రం ఇవే.

స్ప్లిటర్ పని తేలిక. పెద్ద మెసేజ్ ఒకటి వస్తుంది, దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కని రూట్‌లో ముందుకి పంపుతుంది. ఆర్డర్‌లో పది ఐటమ్‌లుంటే పది మెసేజ్‌లు. ఫైల్‌లో లక్ష వరుసలుంటే లక్ష మెసేజ్‌లు. ఇక్కడ కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు ఏమిటంటే, ఫైల్ మొత్తాన్ని మెమరీలోకి లాగేసి అప్పుడు ముక్కలు చేయడం. టెస్టింగ్‌లో వంద వరుసల ఫైల్‌తో అంతా బాగుంటుంది. ప్రొడక్షన్‌లో నెలాఖరున రెండు జీబీల ఫైల్ వస్తుంది, సర్వర్ కూలబడుతుంది. స్ప్లిట్ పక్కన స్ట్రీమింగ్ అని ఒక్క మాట చేరిస్తే ఒక్కో వరుసా చదువుతూ, పంపుతూ పోతుంది. కానీ దానికి ఒక ఖరీదు ఉంది. స్ట్రీమింగ్‌లో మొత్తం ముక్కలెన్నో ఆఖరి ముక్క దాకా తెలియదు. క్యామెల్ ప్రతి ముక్కకీ దాని వరుస సంఖ్యని ఒక ప్రాపర్టీలో పెడుతుంది, సున్నాతో మొదలుపెట్టి. మొత్తం సంఖ్య మాత్రం స్ట్రీమింగ్‌లో చివరి ముక్కకే దొరుకుతుంది. చీటీలో రెండో గడి ఖాళీ అన్నమాట. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇంకో మాట. ఆ సంఖ్యలన్నీ ఎక్స్‌ఛేంజ్ (రూట్‌లో మెసేజ్‌ని మోసే డబ్బా) ప్రాపర్టీల్లో ఉంటాయి, మెసేజ్ హెడర్లలో కాదు. ముక్కని మీరు ఒక జేఎమ్మెస్ క్యూలో (జావా ప్రోగ్రామ్‌లు మెసేజ్‌లు ఇచ్చిపుచ్చుకునే వరుసలో) వేసి అవతలి రూట్‌లో తీసుకుంటే హెడర్లు వెళ్తాయి గానీ ప్రాపర్టీలు వెళ్ళవు. గడప దాటగానే చీటీ ఊడిపోతుంది. క్యూలో వేసే ముందే మీకు కావలసినవి హెడర్లలోకి రాసుకోవాలి. దీని మీద రెండు రోజులు తల పట్టుకున్న పిల్లల్ని నేను చూశాను, కోడ్ అంతా సరిగ్గానే కనబడుతుంది మరి.

ఇప్పుడు కూర్చడం దగ్గరికి వద్దాం. కూర్చడంలో రెండు రకాలున్నాయి. వీటిని ఒకటే అనుకోవడం వల్ల చాలా గందరగోళం వస్తుంది.

మొదటిది స్ప్లిటర్ లోపలే జరిగేది. స్ప్లిట్‌కి ఒక అగ్రిగేషన్ స్ట్రాటజీ, అంటే ఫలితాలని ఎలా కలపాలో చెప్పే ఫంక్షన్, ఇస్తాం. అది ముక్కలు చేస్తుంది, ప్రతి ముక్కనీ ఆ బ్లాక్ లోపలి మెట్లన్నీ ఎక్కించి తెస్తుంది, ఫలితాలని కూరుస్తుంది. విడగొట్టినవాడే కూర్చేవాడు కాబట్టి ఎన్ని ముక్కలు పంపాడో, ఎన్ని తిరిగొచ్చాయో వాడికి తెలుసు. ఇక్కడ ఏ ముక్క ఏ గుంపుదో చెప్పే కోరిలేషన్ అక్కర్లేదు, గుంపు ఎప్పుడు నిండినట్టో చెప్పే కంప్లీషన్ కండిషన్ అక్కర్లేదు. మీ పని దీనితో జరిగిపోతే దయచేసి దీనితోనే ఆపండి. విడి అగ్రిగేటర్ జోలికి వెళ్ళొద్దు. స్ట్రాటజీ ఇవ్వకపోతే స్ప్లిట్ తర్వాత మీకు తిరిగి దొరికేది ముక్కలు చేయకముందున్న అసలు మెసేజ్. ఫలితాలు కావాలంటే స్ట్రాటజీ ఇవ్వాల్సిందే.

రెండోది విడి అగ్రిగేటర్. ముక్కలు ఎక్కడెక్కడికో వెళ్ళాయి. వేరే క్యూలు, వేరే సర్వర్లు, వేరే కంపెనీలు. జవాబులు ఎప్పుడెప్పుడో వస్తాయి. వాటిని కూర్చేవాడికి విడగొట్టినవాడితో ఏ సంబంధమూ లేదు. వాడు మూడు ప్రశ్నలకి జవాబు తెలుసుకోవాలి. ఈ ముక్క ఏ గుంపుది? ఉన్నదానికి దీన్ని ఎలా కలపాలి? గుంపు ఎప్పుడు నిండినట్టు?

మొదటి ప్రశ్నకి జవాబు కోరిలేషన్. ఆర్డర్ నంబరో, బ్యాచ్ నంబరో ఏదో ఒక ఆనవాలు. ఇందులో ఒకటే జాగ్రత్త: ఆనవాలు మళ్ళీ వాడకూడదు. ఎస్సెమ్మెస్ చీటీలో మెసేజ్ నంబరుకి మామూలుగా ఒక్క బైటే ఉంటుంది. అంటే 256 నంబర్లు, ఆ తర్వాత మళ్ళీ మొదటికే. వారం క్రితం ఒక ముక్క రాక ఆగిపోయిన మెసేజ్‌లోకి, అదే మనిషి నుంచి అదే నంబరుతో ఇవాళ వచ్చిన ముక్క దూరే వీలుంది. మన రూట్లలోనూ అంతే. రోజువారీ బ్యాచ్‌కి ఒకటి, రెండు, మూడు అని నంబర్లిచ్చి మర్నాడు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడితే, నిన్న నిండని గుంపులోకి ఇవాళ్టి ముక్క వచ్చి పడుతుంది. తేదీ కలిపి రాయండి, లేదా యూయూఐడీ (ఎప్పుడూ మళ్ళీ రాకుండా తయారుచేసే పొడవాటి ఆనవాలు) వాడండి.

రెండో ప్రశ్నకి జవాబు స్ట్రాటజీ. ఒక చిన్న ఫంక్షన్ రాస్తాం. పాతది, కొత్తది రెండూ ఇస్తారు, కలిపి తిరిగి ఇవ్వాలి. మొట్టమొదటి ముక్క వచ్చినప్పుడు పాతది నల్‌గా ఉంటుంది. అది చూసుకోకపోతే మొదటి మెసేజ్‌కే ఎగిరిపోతుంది, కాబట్టి ఆ పొరపాటు వెంటనే దొరుకుతుంది. వెంటనే దొరకనిది ఇంకొకటుంది: కొత్త ముక్క ఒక ఎక్సెప్షన్‌ని మోసుకొచ్చి ఉండొచ్చు. స్ప్లిటర్ లోపలి స్ట్రాటజీలో ఇది మరీ ముఖ్యం. పది వరుసల్లో ఏడోది ఫెయిలైంది, మీ ఫంక్షన్ దాన్ని చూడకుండా బాడీ మాత్రం తీసి కలిపేసింది. ఫలితంలో తొమ్మిది మంచివి, ఒకటి పనికిరానిది, బయటికి మాత్రం అంతా సక్సెస్. ప్రతి స్ట్రాటజీలోనూ మొదటి రెండు వరుసలు నల్ చూడ్డానికీ ఎక్సెప్షన్ చూడ్డానికీ కేటాయించండి.

ఇక మూడో ప్రశ్న. నా మనసంతా దీని మీదే ఉంది.

గుంపు ఎప్పుడు కదలాలి? మన ఊళ్ళలో బళ్ళు ఎలా కదులుతాయో చూడండి. షేర్ ఆటో నిండితే కదులుతుంది. ఆర్టీసీ బస్సు టైమ్ అయితే కదులుతుంది, నలుగురున్నా నలభైమందున్నా సరే. పెళ్ళి బస్సు మాత్రం నిండినా కదలదు, టైమ్ అయినా కదలదు. మేనమామ వచ్చాడా, పెళ్ళికూతురి పెట్టె ఎక్కిందా అని ఎవరో ఒకరు చూసి 'ఇక పోనీ' అంటేనే కదులుతుంది. క్యామెల్‌లో మొదటిది కంప్లీషన్ సైజ్, రెండోది కంప్లీషన్ ఇంటర్వెల్, మూడోది కంప్లీషన్ ప్రెడికేట్, అంటే అవును కాదు అని తేల్చే షరతు.

నాలుగోది కంప్లీషన్ టైమౌట్. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. టైమౌట్ 30 సెకన్లు అంటే గుంపు మొదలైన 30 సెకన్లకి మూసేస్తుందని కాదు. ఆఖరి ముక్క వచ్చాక 30 సెకన్ల పాటు ఇంకేదీ రాకపోతే మూసేస్తుందని. కొత్త ముక్క వచ్చిన ప్రతిసారీ గడియారం మళ్ళీ మొదటికి తిరుగుతుంది. బంతి భోజనాల దగ్గర వడ్డించేవాళ్ళు ఇంకెవరైనా కూర్చుంటారేమో అని కాసేపు చూస్తారే, అలాంటిది. ఒకరు వస్తే ఇంకాసేపు చూస్తారు. జనం అలా వస్తూనే ఉంటే వడ్డన ఎప్పటికీ మొదలుకాదు. అందుకే టైమౌట్‌ని ఒంటరిగా వాడకండి, సైజో ప్రెడికేటో పక్కన పెట్టండి. క్యామెల్‌లో ఇంటర్వెల్‌ని మాత్రం టైమౌట్‌తో కలిపి వాడనివ్వరు, రెంటిలో ఒకటే. ఇక టైమౌట్ అసలే పెట్టకపోతే, ఒక ముక్క రాని గుంపు అలాగే మెమరీలో కూర్చుండిపోతుంది. రోజుకి పది గుంపులు అలా మిగిలితే కొన్ని నెలలకి సర్వర్ ఎందుకు బరువెక్కిందో ఎవరికీ అంతుబట్టదు.

నా అనుభవం ఒకటి చెప్తాను. కంపెనీ పేరు చెప్పను.

మందుల పంపిణీ చేసే ఒక సంస్థకి మేం ఇంటిగ్రేషన్ చేశాం. మందుల షాపులు రాత్రిపూట ఆర్డర్లు పెడతాయి. ఒక ఆర్డర్‌లోని మందులు మూడు గోడౌన్లలో ఉంటాయి. మా రూట్ ఆర్డర్‌ని గోడౌన్ల వారీగా విడగొట్టి మూడు క్యూల్లో వేస్తుంది. ఒక్కో గోడౌన్ తన దగ్గర సరుకు ఉందో లేదో చెప్తుంది. మా అగ్రిగేటర్ ఆర్డర్ నంబరు మీద జవాబులు కూర్చి బిల్లింగ్‌కి పంపుతుంది. సైజ్ 3, టైమౌట్ 30 సెకన్లు. ఆ 30 నేనే పెట్టాను. టెస్టింగ్‌లో జవాబులు రెండు సెకన్లలో వచ్చేవి, 30 అంటే చాలా ఎక్కువే అనిపించింది.

ఒక రాత్రి ఒక గోడౌన్‌లో బ్యాకప్ నడుస్తోంది. వాళ్ళ సిస్టమ్ పది నిమిషాల పాటు క్యూ చదవలేదు. ఒక షాపు ఆర్డర్‌కి రెండు గోడౌన్ల జవాబులు వచ్చాయి. 30 సెకన్లు గడిచాయి. అగ్రిగేటర్ ఆ రెంటితోనే గుంపు మూసి బిల్లింగ్‌కి పంపింది. బిల్లింగ్‌కి అది పూర్తి ఆర్డరో సగం ఆర్డరో తెలిసే దారి లేదు, బిల్లు వేసింది. పది నిమిషాల తర్వాత మూడో గోడౌన్ జవాబిచ్చింది: సరుకు ఉంది, పంపుతాం. అదే ఆర్డర్ నంబరుతో గుంపు ఏదీ తెరిచిలేదు కాబట్టి అగ్రిగేటర్ కొత్త గుంపు తెరిచింది. మళ్ళీ 30 సెకన్లు చూసింది. ఆ ఒక్క ముక్కతో ఇంకో ఆర్డర్ పంపింది. బిల్లింగ్ సిస్టమ్ ఆర్డర్ నంబరు చూసి, దీనికి బిల్లు వేసేశాం కదా, డూప్లికేట్ అని పక్కన పెట్టేసింది.

ఆ మూడో ముక్కలో ఉన్నవి ఇన్సులిన్ వయల్స్.

పొద్దున షాపు ఆయన ఫోన్ చేశాడు. మేం లాగ్‌లు తీశాం. ఒక్క ఎర్రర్ లేదు. ప్రతి సిస్టమూ తన పని తాను నియమం ప్రకారమే చేసింది. మధ్యాహ్నానికి ఇంకో బండిలో మందులు పంపారు. ఎవరికీ ప్రమాదం జరగలేదు. కానీ ఆ రోజు ఆ షాపు కౌంటర్ ముందు నిలబడి, 'రాలేదమ్మా, రేపు రా' అన్న మాట ఎవరు విని వెనక్కి వెళ్ళారో అన్నది నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇందులో మూడు సంగతులు విడివిడిగా చూడాలి.

మొదటిది, టైమౌట్‌తో మూసిన గుంపు కూడా నిండిన గుంపు వెళ్ళే దారిలోనే వెళ్ళింది. క్యామెల్ డిఫాల్ట్‌గా అలాగే చేస్తుంది. అయితే గుంపు ఎందుకు మూశారో ఒక ప్రాపర్టీలో రాసిపెడుతుంది: సైజ్ వల్లా, టైమౌట్ వల్లా, ప్రెడికేట్ వల్లా అని. 'అగ్రిగేటెడ్ కంప్లీటెడ్ బై' అంటారు దాన్ని. అగ్రిగేటర్ దాటగానే దాన్ని చూసి దారి మళ్ళించాలి. టైమౌట్ అని ఉంటే ఆ ఆర్డర్ మనిషి కంటపడే చోటుకి వెళ్ళాలి. అది చూసి దారి ఎంచుకునే చిన్న ఛాయిస్ బ్లాక్ నా రూట్‌లో లేదు.

రెండోది, ఆలస్యంగా వచ్చిన ముక్క కొత్త గుంపు తెరవడం. మూసిన ఆనవాళ్ళని గుర్తుపెట్టుకునే ఏర్పాటు క్యామెల్‌లో ఉంది. ఎన్నిటిని గుర్తుంచుకోవాలో సంఖ్య ఇస్తే, వాటితో మళ్ళీ ఏదైనా ముక్క వచ్చినప్పుడు ఎక్సెప్షన్ వేస్తుంది. అప్పుడు దాన్ని పట్టుకుని పాత ఆర్డర్‌తో జత చేయొచ్చు. ఆ జాబితా మెమరీలో ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే పోతుంది. కాబట్టి కీలకమైన చోట మీ డేటాబేస్‌లో కూడా రాసుకోండి.

మూడోది ఆ 30 అన్న అంకె. దాన్ని నేను ఎవరినీ అడగలేదు. ఈ గొడవ తర్వాత గోడౌన్ మేనేజర్‌గారి దగ్గర కూర్చుని, ఒక జవాబు రాకపోతే ఎంతసేపు ఆగొచ్చండీ అని అడిగాను. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. "లారీ పొద్దున ఆరింటికి బయల్దేరుతుంది. అప్పటిదాకా ఆగొచ్చు. సగం బిల్లు మాత్రం వద్దు" అన్నారు. అంటే అసలు టైమౌట్ పొద్దున ఆరు గంటలు. నేను పెట్టినది 30 సెకన్లు. ఈ తేడా ఏ డాక్యుమెంటేషన్‌లోనూ దొరకదు. లారీలోకి మందులు ఎక్కించే మనిషికి తెలుసు.

అన్ని చోట్లా సగం ఫలితం తప్పని నేను అనను. బస్సు టికెట్ వెతికే యాప్‌లో పది ఆపరేటర్లని ఒకేసారి అడుగుతాం. మూడు సెకన్లలో ఏడుగురు జవాబిస్తే ఆ ఏడూ చూపించడమే సరైన పని, మిగతా ముగ్గురి కోసం ప్రయాణికుడిని కూర్చోబెట్టకూడదు. అక్కడ టైమౌట్ చిన్నదిగా ఉండాలి, సగం గుంపు నేరుగా ముందుకి వెళ్ళాలి. కోడ్‌లో రెండూ ఒకేలా కనబడతాయి. అందుకే ముక్క రాకపోతే నష్టం ఎవరికో వాళ్ళనే అడగాలి.

ఇంటర్నెట్‌ని కట్టినవాళ్ళు ఈ ప్రశ్నని ఎంత శ్రద్ధగా తేల్చారో చెప్పాలనిపిస్తోంది. 1981 సెప్టెంబర్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 791 (ఇంటర్నెట్ నియమాలు రాసిన పత్రాల్లో ఒకటి) చదవండి. ఐపీ ప్యాకెట్ పెద్దదైతే దారిలో ముక్కలవుతుంది. ఒక్కో ముక్క మీద 16 బిట్ల ఆనవాలు, ఇది మొత్తంలో ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఆఫ్‌సెట్, ఇంకా ముక్కలున్నాయా లేదా అని చెప్పే ఒక బిట్. కూర్చేది చివర ఉన్న గమ్యస్థానం. ఒక ముక్క రాకపోతే ఎంతసేపు ఆగాలి? ఆ పత్రం 15 సెకన్లతో మొదలుపెట్టమంది. 1989లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1122 దాన్ని 60 నుంచి 120 సెకన్ల మధ్య ఉంచమంది. ఎనిమిదేళ్ళ అనుభవం తర్వాత అంకె మార్చారు చూడండి. టైమ్ అయిపోతే వచ్చిన ముక్కలన్నిటినీ పారేస్తుంది, సగం ప్యాకెట్‌ని పైకి పంపదు. మొదటి ముక్క అందివుంటే పంపినవాడికి 'టైమ్ దాటింది' అని కబురు కూడా పెడుతుంది. ఆనవాలు, లెక్క, గడువు, గడువు దాటితే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి. ఈ అయిదూ రాసి ఉన్నాయి. మీ రూట్ డిజైన్ పేజీలో కూడా ఈ అయిదూ ఉండాలని నా కోరిక.

ఇప్పుడు సైజ్ సంగతి. 3 అని పెట్టాం కదా, మూడు వస్తే నిండినట్టే కదా అనుకుంటాం. కంప్లీషన్ సైజ్ మెసేజ్‌లని లెక్కపెడుతుంది, అవి వేర్వేరు ముక్కలో కాదో చూడదు. క్యూలో ఒక జవాబు రెండుసార్లు డెలివర్ అయిందనుకోండి. నెట్‌వర్క్ తెగితే అది మామూలే. ఒకటో గోడౌన్ జవాబు రెండుసార్లు, రెండో గోడౌన్‌ది ఒకసారి. మొత్తం మూడు. గుంపు నిండిపోయింది, మూడో గోడౌన్ జవాబు లేదు. పైగా ఇది టైమౌట్ కాదు కాబట్టి ఇందాక చెప్పిన ఛాయిస్ బ్లాక్ కూడా దీన్ని పట్టుకోదు. దీనికి మందు ఆ చీటీయే. ప్రతి ముక్క మీదా 'మూడింట్లో రెండోది' అని హెడర్‌లో రాసి పంపండి, జవాబులో తిరిగి తెప్పించండి. స్ట్రాటజీలో వచ్చిన ముక్కల నంబర్లని ఒక సెట్‌లో వేయండి. సెట్ సైజ్ మొత్తంతో సమానమైతేనే నిండినట్టు అని ప్రెడికేట్ రాయండి. నాలుగు వరుసల కోడ్ ఎక్కువవుతుంది.

ఇలాంటిదే ఇంకొకటి. స్ప్లిటర్ ఆఖరి ముక్క మీద 'స్ప్లిట్ కంప్లీట్' అని గుర్తు పెడుతుంది. ఆ గుర్తు చూసి గుంపు మూసేద్దామని కొందరికి తోస్తుంది. ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తున్నంతకాలం అది పనిచేస్తుంది. ఎవరో వచ్చి వేగం కోసం ప్యారలల్ ప్రాసెసింగ్ అని చేర్చిన రోజు నుంచి ఆఖరి ముక్క ముందే చేరే వీలుంటుంది. ఆఖరిది వచ్చింది కదా అని గుంపు మూస్తారు, ఇంకా నాలుగు దారిలో ఉంటాయి. స్ట్రీమింగ్‌లో మొత్తం ముందు తెలియదని ఇందాక అనుకున్నాం. అక్కడ చేయాల్సింది ఇది: ఆఖరి ముక్కని గుంపు మూసే సైగగా వాడకండి, మొత్తం సంఖ్యని తెచ్చే ముక్కగా వాడండి. ఆ సంఖ్య తెలిశాక, అన్ని ముక్కలూ చేరాయా అని సెట్‌ని అడగండి.

రీస్టార్ట్ సంగతి చెప్పకుండా వదల్లేను. క్యామెల్ అగ్రిగేటర్ డిఫాల్ట్‌గా గుంపులని మెమరీలో ఉంచుతుంది. రూట్‌లోకి వచ్చిన ముక్క అగ్రిగేటర్‌లోకి చేరగానే దాని ప్రయాణం అక్కడితో ముగిసినట్టు లెక్క. క్యూకి 'అందింది' అని అక్నాలెడ్జ్‌మెంట్ వెళ్ళిపోతుంది. బయటికి వచ్చే కూర్చిన మెసేజ్ వేరే కొత్త ప్రయాణం. మధ్యలో సర్వర్ ఆగిపోతే ఆ ముక్క క్యూలోనూ లేదు, మెమరీలోనూ లేదు. రూట్ మొత్తం ట్రాన్సాక్షన్‌లో ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్ళకి ఇది తెలిసినప్పుడు చాలా టెన్షన్ వస్తుంది, రావాలి కూడా. డేటాబేస్‌లో గుంపులు దాచే జేడీబీసీ రిపాజిటరీ (జేడీబీసీ అంటే జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి) ఉంది. దానికి రెండు టేబుళ్ళు కావాలి. నిండుతున్న గుంపులకి ఒకటి, నిండినా ఇంకా చివరిదాకా చేరని వాటికి ఒకటి. రెండోదాని వల్ల, కూర్చిన మెసేజ్ దారిలో ఫెయిలైతే మళ్ళీ పంపగలుగుతుంది. కొంచెం నెమ్మది. డబ్బు, మందు, మనిషి పేరు ఉన్న చోట ఆ నెమ్మదిని ఒప్పుకోండి.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మేడం, మేం మెసేజ్‌లు పంపడానికి కాఫ్కా వాడుతున్నాం. మా ప్రోగ్రామ్‌కి మూడు కాపీలు, అంటే మూడు ఇన్‌స్టాన్స్‌లు నడుస్తాయి. ఇదంతా మాకూ వర్తిస్తుందా?)

వర్తిస్తుంది, ఇంకో చిక్కు కూడా కలుస్తుంది. ఒకే ఆర్డర్ ముక్కలు మూడు ఇన్‌స్టాన్స్‌లకి చెదిరిపోతే ఒక్కోటీ తన మెమరీలో తలా ఒక ముక్క పెట్టుకుని మిగతావాటి కోసం ఎదురుచూస్తుంది. మూడు చోట్లా టైమౌట్ అవుతుంది. కాఫ్కాలో ఆర్డర్ నంబరునే కీగా పెట్టండి. ఒకే కీ ఉన్నవి ఒకే పార్టిషన్‌కి (కాఫ్కా మెసేజ్‌లని పంచి పెట్టే భాగాల్లో ఒకదానికి) వెళ్తాయి, చదివే ఇన్‌స్టాన్స్‌ల గ్రూప్‌లో ఒక పార్టిషన్‌ని ఒక్కరే చదువుతారు. పార్టిషన్ల సంఖ్య మధ్యలో మారిస్తే ఆ లెక్క మారిపోతుంది, అది గుర్తుంచుకోండి. ఇన్‌స్టాన్స్ పడిపోయి పార్టిషన్ ఇంకొకరికి వెళ్తే మెమరీలోని గుంపు వెంట రాదు. రిపాజిటరీ మాట అక్కడా అంతే.

(ప్రశ్న: వీటిని టెస్ట్ చేయడం ఎలా? అన్ని ముక్కలూ వచ్చే కేస్ ఒక్కటే మేం రాస్తున్నాం.)

నిజాయితీగా చెప్పారు, చాలా టీముల్లో అంతే. ఇంకో నాలుగు రాయండి. ఆఖరి ముక్కని అన్నిటికంటే ముందు పంపండి. ఒక ముక్కని రెండుసార్లు పంపండి. ఒక ముక్కని పంపకుండా ఆపి, గడువు దాటాక పంపండి. రెండు ముక్కలు పంపి రూట్ ఆపేసి, మళ్ళీ లేపి మూడోది పంపండి. మీ ప్రస్తుత రూట్ మీద ఈ నాలుగూ ఇవాళే నడిపితే ఎన్ని నిలుస్తాయో మీకే తెలుస్తుంది.

(ప్రశ్న: ఆ మందుల సంస్థలో చివరికి ఏం మార్చారు?)

జవాబు రాని ఆర్డర్లన్నీ ఒక తెర మీద కనబడేలా చేశాం. ఆర్డర్ నంబరు, వచ్చిన ముక్కలు, రాని ముక్క ఏ గోడౌన్‌ది, ఎప్పటి నుంచి ఆగింది, అక్కడ ఎవరికి ఫోన్ చేయాలి. గంటకోసారి ఆ గోడౌన్‌ని రూట్ దానంతటదే మళ్ళీ అడుగుతుంది. తెల్లవారుజామున అయిదింటికి నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాళ్ళు ఆ తెర తెరుస్తారు. చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. ఏదైనా కనబడితే, లారీ ఎక్కేలోపు గోడౌన్‌కి ఫోన్ చేస్తారు.